ప్లాస్టిక్ వర్మ్ కొనేముందు అది నీళ్లలో ఎలా దిగుతుందో చూడండి

మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. కాలవ గట్టున కూర్చుని మా తాతయ్య గాలానికి ఎర్ర గుచ్చే పద్ధతి నాకు ఇప్పటికీ గుర్తే. మిగతావాళ్లు ఎర్రని మొత్తం గాలానికి ఎక్కించి ముద్ద చేసేవారు. తాతయ్య సగమే గుచ్చి, మిగతా సగం కిందికి వేలాడేలా వదిలేసేవారు. నీళ్లు నిలకడగా ఉన్న రోజున సీసం కూడా కట్టేవారు కాదు. "దాని బరువుకి అదే దిగాలి" అనేవారు. మట్టగిడసలూ కొర్రమీనులూ ఆయన గాలానికే ఎక్కువ పడేవి.

ఆ పద్ధతి వెనకున్న సంగతి నాకు టెక్సస్ వచ్చాక అర్థమైంది. అదీ వెంటనే కాదు, లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి చేప కోసం రెండేళ్లపాటు కనిపించిన ప్లాస్టిక్ వర్మ్‌నల్లా, అంటే ఎర్రలా చేసిన మెత్తటి ప్లాస్టిక్ ఎరనల్లా, కొని పెట్టె నింపుకున్నాక.

మా డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు, కాలనీకో చెరువు ఉంటుంది. చాలా చెరువుల్లో బాస్ ఉంటుంది. శనివారం పొద్దున్నే రాడ్ పట్టుకుని గట్టు మీద నిలబడే మనవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. నన్ను అందరూ అడిగేది ఒక్కటే: "ఏ రంగు వర్మ్ కొనమంటారండీ?" రంగు ఆఖర్న చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది ఆ వర్మ్ నీళ్లలో ఎలా దిగుతుందన్నది.

ఎందుకంటే బాస్ వెంటాడి వేటాడేది తక్కువ, మాటు వేసేది ఎక్కువ. మునిగిన చెట్టు మోడు పక్కనో, నాచు అంచునో, పడవలు కట్టే డాక్ కింద నీడలోనో కదలకుండా ఉంటుంది. మన కొర్రమీను గుర్రపుడెక్క కింద ఉన్నట్టే అనుకోండి. కళ్ల ముందుకి ఏదైనా నిదానంగా దిగిందా, నోరు ఒక్కసారి తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. నా అనుభవంలో వర్మ్‌కి పడిన చేపల్లో ఎక్కువ భాగం వర్మ్ దిగుతున్నప్పుడే పడ్డాయి. విసిరాక మొదటిసారి దిగేటప్పుడో, రాడ్ ఎత్తి వదిలాక మళ్లీ దిగేటప్పుడో. అడుగున లాక్కుంటూ వస్తుంటే పట్టేవి తక్కువ.

నిజం ఎర్రే వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు. కానీ ఈ చెరువుల్లో బ్లూగిల్ అనే అరచేతంత చేపలు గుంపులుగా ఉంటాయి, బాస్ చూసేలోపే ఎర్రని కొరికి తినేస్తాయి. పైగా నిజం ఎర్రని బాస్ గొంతులోకి మింగేస్తే గాలం లోపల దిగబడిపోతుంది, వదిలేసినా బతకడం కష్టం. ప్లాస్టిక్ వర్మ్‌తో, లైన్ మీద ధ్యాస ఉంచితే, గాలం ఎక్కువసార్లు పెదవికే తగులుతుంది. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన, భార్యతో కలిసి ఇంటి వంటగదిలో ప్లాస్టిక్ కరిగించి ఈ మెత్తటి వర్మ్ తయారుచేశాడు. తర్వాత ఆ కంపెనీ మా టెక్సస్‌లోని టైలర్‌కి వచ్చేసింది. గాలాన్ని వర్మ్ ఒంట్లోనే దాచి నాచులో, మోళ్లలో చిక్కుకోకుండా లాగే పద్ధతికి టెక్సస్ రిగ్ అనే పేరు. రిగ్ అంటే గాలం, సీసం, వర్మ్ అమర్చుకునే తీరు. నా దగ్గర ఒక్క రిగ్గే నేర్చుకుంటానన్నవాళ్లకి నేర్పేది అదే.

ఇక దిగే తీరు ఎలా చూడాలి? మా ఇంట్లో స్నానాల తొట్టి నింపి చూస్తాను. కొత్త వర్మ్ ఏది కొన్నా, వాడబోయే హుక్‌కి గుచ్చి, నీటి మీద అడ్డంగా వదులుతాను. మా అమ్మాయి పక్కన కూర్చుని అంకెలు లెక్కపెడుతుంది. హుక్ లేకుండా వదిలితే అసలు సంగతి తెలియదు, హుక్ బరువే దాన్ని మార్చేస్తుంది. తొట్టి లేకపోతే బకెట్ చాలు. మూడు విషయాలు చూడండి: అడ్డంగా దిగుతోందా లేక తలకిందులుగా దూకుతోందా, దిగుతూ ఒళ్లు కదుపుతోందా, ఎంతసేపట్లో అడుగు తాకుతోంది. ఈ పని చేసిన మొదటి రోజే నా పెట్టెలో సగం వర్మ్‌లు ఒకేలా దిగుతున్నాయని తెలిసింది. అంటే రంగూ పేరూ మార్చి ఒకే వస్తువుని పదిసార్లు కొన్నానన్నమాట.

ఆ తొట్టిలో తేలిన లెక్క ప్రకారం వర్మ్‌లు నాకు మూడు జాతులు.

మొదటిది లావుగా, తిన్నగా, తోక లేకుండా పెన్నులా ఉండేది. గ్యారీ యమమోటో కంపెనీ 1990లలో తెచ్చిన సెంకో దీనికి పెద్దన్న లాంటిది, ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. చేతిలో పెట్టుకుంటే ఏ పనీ చేయని పుల్లలా ఉంటుంది. నేను కూడా మొదట్లో దీన్ని పక్కన పెట్టేశాను. కానీ ప్లాస్టిక్‌లో ఉప్పు బాగా కలిపి పోస్తారు. ఆ బరువు వల్ల సీసం లేకుండానే దిగుతుంది, అడ్డంగా దిగుతుంది, దిగుతూ రెండు చివర్లూ సన్నగా వణుకుతాయి. వణుకు అంటే ఊపడం కాదు, చలికి వేళ్లు వణికినట్టు. ఆ వణుకు కోసమే దీన్ని కొంటాం. కాబట్టి దీనికి సీసం కట్టకండి. సీసం కట్టారా, తలకిందులుగా దూకేస్తుంది, మీరు డబ్బిచ్చి కొన్న గుణం పోయినట్టే. అయిదు అంగుళాలది కొనండి, సంచిలో పది వస్తాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి త్వరగా చిరుగుతుంది, ఒక్కోటి రెండు మూడు చేపలకంటే ఆగదు. గట్టిగా ఉండి పది చేపలకి ఆగే రకాలూ దొరుకుతాయి. తొట్టిలో రెండూ పక్కపక్కన వదిలి చూడండి, గట్టిది కర్రలా దిగుతుంది. నేను మెత్తదే కొంటాను.

రెండోది సన్నగా, పొడుగ్గా, తోక రిబ్బన్‌లా చుట్టలు తిరిగి ఉండేది. ఏడు అంగుళాల నుంచి పది పైచిలుకు అంగుళాల దాకా వస్తాయి. ఇది కదిలితేనే పనిచేస్తుంది. దిగేటప్పుడు గానీ లాగేటప్పుడు గానీ తోక విప్పుకుని అలలు అలలుగా ఊగుతుంది, దానికి కాస్త వేగం కావాలి, అందుకే దీనికి సీసం ఉండాలి. కొట్లో సంచి చేతిలోకి తీసుకున్నప్పుడు తోక సన్నగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. మందంగా ఉంటే నిదానంగా దిగేటప్పుడు విచ్చుకోదు. సంచిలోనే తోక మడతపడి ముద్రపడిపోయిన వర్మ్‌లు తీసుకోకండి. తెలియక ఇంటికి తెచ్చేస్తే వేడినీళ్లలో ఓ నిమిషం ముంచి, తీసి, చల్లనీళ్లలో వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మూడోది చిన్నది, తిన్నటిది, నాలుగున్నర అంగుళాల లోపుది. ఫినెస్ వర్మ్ అంటారు. పుట్టగొడుగు ఆకారపు చిన్న సీసం తలకి గుచ్చి అడుగున నిలబెట్టేలా వాడతారు. ఆ పద్ధతికి కాన్సస్‌కి చెందిన నెడ్ కేడీ పేరు మీద నెడ్ రిగ్ అని పేరు. చలికాలంలో, చేపకి ఒళ్లు బరువెక్కి పెద్ద వస్తువు వైపు చూడని రోజుల్లో ఇదే దిక్కు.

ఈ మూడూ కాక కొమ్ములున్నవీ, కాళ్లున్నవీ, తెడ్డు తోకలవీ అరలు అరలుగా ఉంటాయి. మొదటి ఏడాది వాటి జోలికి వెళ్లకండి. ఆరున్నర అంగుళాల సన్నని తిన్నని ట్రిక్ వర్మ్ ఒక్కటి మాత్రం నాలుగోదిగా చేర్చుకోవచ్చు. సీసం లేకుండా వదిలితే సెంకో కంటే చాలా నిదానంగా, ఈక రాలినట్టు దిగుతుంది. నాచు దాదాపు నీటి పైదాకా పెరిగిన చెరువులో, ఆ పైన అడుగున్నర నీళ్లే ఉంటే, దానికంటే మంచిది నాకు దొరకలేదు.

ఇప్పుడు నీళ్లు చూసి ఏది తీయాలో చెబుతాను. మా ఉత్తర టెక్సస్‌లో ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా, నీళ్లు 60 ఫారన్‌హీట్ దాటుతుంటే బాస్ గుడ్లు పెట్టడానికి గట్టు దగ్గరికి, మోకాలి లోతుకి వస్తుంది. ఆ రోజుల్లో సీసం లేని సెంకో తప్ప ఇంకోటి కట్టను. నడుముకి హుక్ గుచ్చే పద్ధతి, వాకీ రిగ్, అప్పుడు చాలా బాగా పనిచేస్తుంది: రెండు చివర్లూ కిందికీ పైకీ రెక్కల్లా ఆడతాయి. నడుముకి చిన్న రబ్బరు ఉంగరం తొడిగి, ఆ ఉంగరం కిందినుంచి హుక్ దూర్చండి, వర్మ్ చిరిగిపోకుండా ఇంకో నాలుగు చేపలకి ఆగుతుంది. గూటి మీద కాపలా ఉన్న చేప దొరికితే ఫోటో తీసుకున్నా సరే, వెంటనే అదే చోట వదలండి. అది లేని రెండు నిమిషాల్లో బ్లూగిల్‌లు వచ్చి గుడ్లు తినేస్తాయి.

మే వచ్చాక ఏడంగుళాల రిబ్బన్ తోక. జులై, ఆగస్టులో చెరువుల మీద తెల్లవారి ఎనిమిది లోపే పని, తర్వాత ఎండకి మనమూ నిలబడలేం, చేపా కదలదు. పెద్ద లేక్‌కి వెళ్తే మాత్రం ఎండాకాలం మధ్యాహ్నమే పెద్ద వర్మ్ సమయం. పడవ ఉన్న స్నేహితుడితో ఒక జూన్‌లో లేక్ ఫోర్క్ వెళ్లాను. 1980లో ఆనకట్ట పూర్తయిన రిజర్వాయర్ అది, 27,000 ఎకరాల నీళ్లు, చెట్లు నరకకుండానే నింపిన చోట్ల మోళ్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడి ఉంటాయి. ఒడ్డు ముక్కులా లోపలికి పొడుచుకొచ్చిన చోట, పద్దెనిమిది అడుగుల లోతున, పదంగుళాల రేగుపండు రంగు వర్మ్‌ని అర ఔన్స్ సీసంతో దింపాం. ఏడు పౌండ్ల మీద రెండు ఔన్సుల బాస్ పడింది. నా చేతికి అంతవరకు వచ్చినవాటిలో అదే పెద్దది. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని ఉంచుకోకూడదు, కొలిచి వదిలేశాం. నీళ్లలోకి వదిలినప్పుడు అది ఒక క్షణం నా చేతుల్లోనే ఆగి, తోక ఆడించి వెళ్లిన తీరు ఇప్పటికీ మరచిపోలేను. ఒక్కో లేక్‌కి ఒక్కో నిబంధన. వెళ్లేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల నిబంధనలు చదువుకోండి, లైసెన్స్ తీసుకోండి. పదిహేడేళ్ల లోపు పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు.

నవంబర్ నుంచి చిన్న ఫినెస్ వర్మ్. విసిరి, అడుగు తాకాక, మనసులో ముప్పై లెక్కపెట్టేదాకా కదపకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, చేతులు ఊరుకోవు. జేబులో వేరుశెనగలు పెట్టుకుని వెళ్లండి.

సీసం గురించి. కొత్తవాళ్లు కట్టేది ఎప్పుడూ బరువెక్కువ. అడుగు తాకినట్టు చేతికి తెలిసేటంత ఉంటే చాలు, అంతకు ఒక్క పిసరు కూడా వద్దు. చెరువుల్లో, ఆరడుగుల లోపు, 1/8 ఔన్స్. గాలి వీస్తుంటే 3/16. పదడుగులు దాటితే 1/4, ఇరవై దగ్గర పడితే 3/8, 1/2. తూటా ఆకారపు సీసం తీసుకోండి, నాచులోంచి జారి వస్తుంది. సీసానికి బదులు వాడే టంగ్‌స్టన్ లోహం ఖరీదెక్కువ, కానీ అదే బరువుకి చిన్నగా ఉంటుంది, రాయి తగిలిందా మట్టి తగిలిందా చేతికి స్పష్టంగా చెబుతుంది. డబ్బులు పెట్టాలనిపిస్తే రంగురంగుల వర్మ్‌ల మీద కాకుండా టంగ్‌స్టన్ మీద పెట్టండి.

హుక్ సైజు వర్మ్‌ని బట్టి, ముందు అంకె పెరిగేకొద్దీ హుక్ పెద్దది. ఆరంగుళాల దాకా 3/0, ఏడు ఎనిమిదికి 4/0, పదికి 5/0. సెంకో లాంటి లావు వర్మ్‌కి వంపు వెడల్పుగా ఉన్న హుక్ కావాలి: చేప నోరు మూసినప్పుడు ప్లాస్టిక్ ఒక పక్కకి ముద్దయ్యేందుకు చోటు లేకపోతే మొన పెదవిదాకా చేరదు. సన్నటివాటికి కాడ తిన్నగా ఉన్న హుక్కే బాగా దిగుతుంది.

గుచ్చడం నిదానంగా నేర్చుకోండి. మొనని వర్మ్ తల మధ్యలోంచి పావు అంగుళం లోపలికి పంపి పక్కనుంచి బయటికి తీయాలి. హుక్‌ని దాని కన్ను దాకా, అంటే లైన్ కట్టే రంధ్రం దాకా లాగి, మొన వర్మ్ వైపు తిరిగేలా తిప్పాలి. ఇప్పుడు వర్మ్‌ని కిందికి వేలాడనిచ్చి, హుక్ వంపు ఎక్కడ తగులుతోందో చూసి, ఆ చోట అడ్డంగా గుచ్చాలి. మొన అటుపక్క బయటికి వచ్చాక చర్మం కింద చిటికెడు దాచండి. పైకెత్తి చూస్తే వర్మ్ దారంలా తిన్నగా వేలాడాలి. ఎక్కడైనా ఉబ్బినా వంగినా తీసి మళ్లీ గుచ్చండి. వంకరగా ఉన్న వర్మ్ దిగేటప్పుడు గిర్రున తిరుగుతుంది, లైన్ మెలిపడిపోతుంది, చేప దగ్గరికి రాదు. మా తాతయ్య ఎర్ర గుచ్చి కళ్లెదురుగా పైకెత్తి చూసుకునేది ఇందుకే.

రంగు దగ్గరికి వచ్చాం. నాకు మూడే రంగులు. అడుగు కనిపించే తేట నీళ్లకి గ్రీన్ పంప్‌కిన్, అంటే పాచి ఆకుపచ్చలో నల్ల చుక్కలు. వాన పడి ఎర్రమట్టి కలిసిన నీళ్లకి, మబ్బు రోజుకి, తెల్లవారుజాముకి నలుపు నీలం. ఈ రెండిటి మధ్యలో ఉన్న టీ రంగు నీళ్లకి రేగుపండు రంగు, దాన్నే ప్లమ్ అంటారు. బాస్ కంట్లో ఎరుపునీ ఆకుపచ్చనీ పట్టే కణాలున్నాయి కానీ ముదురు నీలాన్ని నలుపునుంచి వేరుచేయడం దానికి కష్టం. కాబట్టి నలుపు నీలమా, ఉత్త నలుపా అని కొట్లో పావుగంట నిలబడకండి. మూడు జాతుల వర్మ్‌లు ఈ మూడు రంగుల్లో కొనడం, ఒకే జాతిని పది రంగుల్లో కొనడం కంటే ఎక్కువ చేపలు పట్టిస్తుంది.

పట్టినట్టు ఎలా తెలుస్తుంది? టక్ టక్ అని రెండు దెబ్బలు తెలిస్తే అదృష్టం. చాలాసార్లు అంత స్పష్టంగా ఉండదు. వర్మ్ దిగుతుండగా లైన్ పక్కకి నడవడం మొదలెడుతుంది, లేదా ఇంకా దిగాల్సిన లైన్ మధ్యలోనే వదులైపోతుంది, లేదా ఎత్తితే తడి గుడ్డ తగులుకున్నట్టు బరువు. అప్పుడు వదులు చుట్టుకుని ఒక్క లాగు లాగండి. అందుకే వర్మ్ దిగేటప్పుడు చూపు నీటి మీద కాకుండా లైన్ మీద ఉంచండి. పొద్దుటి వెలుగులో లైన్ కనిపించకపోతే తలపై టోపీ, కళ్లకి పోలరైజ్డ్ అద్దాలు.

దాచుకోవడం చెప్పి ఆపేస్తాను, ఇక్కడ నాకు బాగా నష్టమైంది. వర్మ్‌లని వాటి సంచుల్లోనే ఉంచండి. రంగులు కలిపి ఒక డబ్బాలో వేస్తే నలుపు అన్నిటికీ అంటుకుంటుంది. బాగా సాగే రకం పదార్థంతో చేసిన వర్మ్‌లు కొన్నుంటాయి, అవి మామూలు ప్లాస్టిక్‌ని తాకితే రెండూ కరిగి జిగురవుతాయి. ఒక ఆగస్టు నెల అలా కలిపి కారు డిక్కీలో వదిలేశాను. వారం తర్వాత డబ్బా తెరిస్తే అరవైదాకా వర్మ్‌లు ఒకే ముద్ద. వాడేసిన వర్మ్‌ని, చిరిగినదాన్ని నీళ్లలో పారేయకండి. చేపలు మింగుతాయి, పొట్టలో ఉబ్బి అడ్డుపడుతుంది. నా జేబులో ఎప్పుడూ ఒక జిప్ కవరు ఉంటుంది. తల చిరిగిన సెంకోలు అందులో వేసుకొస్తాను, చిరిగినంత మేర బ్లేడుతో కోసేస్తే మూడంగుళాల మంచి ముక్క మిగులుతుంది, చలికాలం నెడ్ రిగ్‌కి సరిగ్గా సరిపోతుంది.